ఎ సైడ్ పాట ఏమైంది?

ఈ సిరీస్‌లో ఇది తొమ్మిదో భాగం. ఈ వారం వేరే విషయం మీద నోట్స్ సిద్ధం చేసుకున్నాను. మా కాలేజీలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను జపాన్ వైపు తిప్పింది. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మొన్న వార్షికోత్సవంలో పాటల పోటీ పెట్టాం. మైకు నా చేతిలో ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె నాట్ల పాట పాడాలి. రిహార్సల్‌లో విన్నప్పుడు "ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అంటే "మా నాయనమ్మ పాడుద్ది సార్" అంది. సరే, ఆ మాటే చెప్పి స్టేజీ మీదికి పిలుద్దామనుకున్నాను. తీరా ఆమె వంతు వచ్చేసరికి పక్కకొచ్చి మెల్లగా అంది: "సార్, నాయనమ్మ నేర్పిందని చెప్పొద్దు. జానపద గీతం అనండి చాలు."

"ఎందుకమ్మా?"

"నాయనమ్మ అంటే ఏ ఊరంటారు. ఊరు చెప్తే ఊళ్లో ఎక్కడంటారు."

ఇంకేం మాట్లాడతాను? మైకులో "ఇప్పుడు ఒక జానపద గీతం" అన్నాను. పాట అయ్యాక హాలంతా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం అదే అమ్మాయి వరండాలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. ఆ ట్యూన్ నాకు తెలిసినట్టనిపించి అడిగాను. "జపాన్ పాట సార్. 'కె-ఆన్' అని ఒక యానిమే ఉంది. ఫస్ట్ ఎపిసోడ్‌లో ఆడపిల్లలు బ్యాండ్ పెట్టుకుని వాయిస్తారు" అని ఫోన్ చూపించింది. పాట పేరు 'త్సుబాసా ఓ కుదసాయ్'. రెక్కలు ఇవ్వండి అని అర్థం. మీలో యానిమే చూసేవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. 2009లో వచ్చిన 'ఎవాంజెలియన్' రెండో సినిమా పతాక సన్నివేశంలో కూడా ఇదే పాట. జపాన్‌లో 1970ల నుంచి బడి పిల్లల సంగీతం పుస్తకాల్లో ఉంది. ఫుట్‌బాల్ జట్టును ఉత్సాహపరచడానికి స్టేడియంలో పాడారు. అది తెలియని జపనీయులు అరుదు.

ఆ అమ్మాయికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పాట 1971 ఫిబ్రవరిలో రికార్డుగా వచ్చినప్పుడు అది బి సైడ్ పాట. 'అకాయ్ తోరి' (ఎర్ర పిట్ట) అనే ఫోక్ బృందం పాడింది. ఆ రికార్డుకి ఎ సైడ్‌లో, అంటే ముఖ్యమైన వైపు, ఇంకో పాట ఉంది. అదీ పెద్ద హిట్టే. కొన్నాళ్లకు అది రేడియోలో, టీవీలో వినపడకుండా పోయింది. ఒకే రికార్డు, ఒకే గొంతులు. ఒక వైపు పాట బడి పుస్తకంలోకి వెళ్లింది, రెండో వైపు పాట మాయమైంది.

ఎందుకంటే ఎ సైడ్ పాట మన వాళ్లది. అంటే జపాన్ వెలివాడ వాళ్లది.

*

బురాకు అంటే ఎవరో ముందు క్లుప్తంగా చెప్తాను. ఎదో కాలంలో (1603–1868) జపాన్‌లో సమురాయ్, రైతు, చేతివృత్తివాడు, వర్తకుడు అనే మెట్ల కింద ఇంకో రెండు పేర్లుండేవి. ఒకటి 'ఎతా', అంటే మైల నిండినవాడు. రెండోది 'హినిన్', అంటే మనిషి కానివాడు. చచ్చిన పశువును ఎత్తడం, తోలు తీయడం, తోలు వస్తువులు చేయడం, మరణశిక్షలు అమలు చేయడం వీళ్ల పనులు. వీళ్లది అదే భాష, అదే రంగు, అదే ముఖం. చూసి గుర్తుపట్టడానికి ఏమీ లేదు. గుర్తుపట్టేది ఇంటి చిరునామాని బట్టి. వాళ్లుండే చోటుని 'బురాకు' అంటారు. మామూలు అర్థం పల్లె. మన దగ్గర ఒంటిగా 'పల్లె' అన్నా, 'వాడ' అన్నా వినేవాడు వినేలా వింటే ఏం అర్థమవుతుందో, అదే.

మనలో బౌద్ధం తీసుకున్నవాళ్లకు చేదుగా ఉండే విషయం ఒకటి దాచకుండా చెప్పాలి. ఈ అంటరానితనానికి ఒక కాలు షింటో మతంలోని మైల భావనలో ఉంటే, రెండో కాలు ప్రాణిహింస పాపమన్న బౌద్ధ బోధనలో ఉంది. చంపిన వాడు పాపి, తిన్నవాడు కాదు! చనిపోయిన బురాకు మనిషికి గుడి ఇచ్చే మరణానంతర నామంలో కూడా కులాన్ని తెలిపే హీనమైన అక్షరాలు చెక్కించిన బౌద్ధాలయాలున్నాయి. సమాధి రాయి మీద కూడా వాడ పేరు వదల్లేదన్నమాట. బాబాసాహెబ్ బౌద్ధాన్ని ఉన్నదున్నట్టు ఎందుకు తీసుకోలేదో ఇక్కడ ఇంకోసారి అర్థమవుతుంది.

1871లో మెయిజీ ప్రభుత్వం ఎతా, హినిన్ అనే పేర్లను చట్టంతో రద్దు చేసింది. మరుసటి ఏడు తయారైన కుటుంబ రిజిస్టర్లలో చాలాచోట్ల వీళ్ల పేరు పక్కన 'కొత్త సామాన్యుడు' అని రాశారు. పాత పేరు పోయింది. 'కొత్త' అన్న ముక్కే కొత్త కులం పేరైంది. వీళ్లతో సమానమవడం మాకొద్దంటూ పశ్చిమ జపాన్‌లో రైతులు తిరగబడి, 1873లో మిమాసకా ప్రాంతంలో బురాకు ఇళ్లు తగలబెట్టి మనుషుల్ని చంపారు. కారంచేడు, చుండూరు పేర్లు మోస్తున్న మనకు దీన్ని వివరించి చెప్పక్కర్లేదు.

*

ఇప్పుడు ఎ సైడ్ పాట దగ్గరికి వద్దాం. పేరు 'తకెదా నో కొమోరి ఉతా', తకెదా జోలపాట.

జోలపాట అనగానే అమ్మ, ఉయ్యాల గుర్తొస్తాయి. తెలుగు సాహిత్యం పాఠంలో నేనూ అలాగే చెప్తుంటాను. జపాన్‌లో ఇంకో రకం జోలపాట ఉంది. పేదింటి ఆడపిల్లని ఏడెనిమిదేళ్లకే కలిగినవాళ్లింట్లో పిల్లల్ని ఎత్తుకునే పనికి పెట్టేవారు. వీపుకి ఎవరి పిల్లవాడినో కట్టుకుని వీధుల్లో తిరిగే ఆ పిల్లలు పాడుకున్న పాటలవి. అందులో పాపని ముద్దు చేయడం తక్కువ. ఏడుపు ఆపని పిల్లవాడి మీద విసుగు, పండగొచ్చినా తనకి కట్టుకోను గుడ్డ లేదన్న దిగులు, చలి, ఇంటి మీద బెంగ. దక్షిణాన ఇత్సుకి అనే ఊరి జోలపాట కూడా ఈ కోవలోదే. చెప్పాలంటే ఇవి జీతగత్తెల పాటలు, ఎనిమిదేళ్ల జీతగత్తెల పాటలు.

తకెదా అనేది క్యోటో నగరంలో ఫుషిమి ప్రాంతంలోని ఒక బురాకు. 1960ల మధ్యలో ఒక నాటకానికి సంగీతం కట్టడం కోసం ఒనోవే కజుహికో అనే స్వరకర్త అక్కడికి వెళ్లి, ఒక ముసలమ్మ పాడగా ఈ పాట సేకరించాడు. ఆ నాటకం సుమీ సుయె రాసిన బురాకు నవల 'వంతెన లేని నది' ఆధారంగా తయారైంది. నాటకం నుంచి పాట క్యోటో ఫోక్ గాయకుల నోళ్లలోకి వెళ్లింది. అక్కడి నుంచి అకాయ్ తోరి బృందానికి చేరింది. పాట ఎవరిదో, ఎక్కడిదో వాళ్లకు మొదట తెలియదు. ట్యూన్ బాగుంది, పాడారు. దేశమంతా పాడింది.

పాటలో ఒక మాట ఉంది, 'జైషో'. మామూలుగా స్వగ్రామం అని అర్థం. క్యోటో వైపు వాడుకలో బురాకుని నేరుగా అనకుండా ఆ మాటతో సూచించేవారు. ఎత్తుకున్న పిల్ల ఈ 'జైషో' దాటి, దూరంగా కనపడే తన అమ్మానాన్నల ఇంటికి వెళ్లిపోవాలంటుంది. తెలిసినవాడికి ఆ ఒక్క మాట చాలు. ఊరు చెప్తే, ఊళ్లో ఎక్కడ?

పాట ఫలానా వాడదని తెలిశాక స్టేషన్లు దాన్ని వేయడం మానేశాయి. అప్పట్లో ప్రైవేటు ప్రసార సంస్థల సంఘానికి ఒక జాబితా ఉండేది. 1959లో మొదలైంది, జాగ్రత్త పడాల్సిన పాటల జాబితా. జనం మాత్రం ఈ జోలపాటని 'ప్రసార నిషేధం ఉన్న పాట' అనేవారు. ఎవరు నిషేధించారు?

1999లో మోరి తత్సుయా అనే డాక్యుమెంటరీ దర్శకుడు ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని బయల్దేరాడు. స్టేషన్ల వాళ్లని అడిగాడు, సంఘం వాళ్లని అడిగాడు, బురాకు విముక్తి సంఘాన్ని అడిగాడు. తేలిందేమిటంటే, ఆ జాబితాకి నిషేధించే అధికారమే లేదు. అది మార్గదర్శకం మాత్రమే. అందులో తకెదా జోలపాట పేరు అసలు లేదు. పాటని ఆపమని బురాకు వాళ్లు చేసిన డిమాండ్ కూడా ఏదీ బయటపడలేదు. ఎవరూ నిషేధించలేదు. ప్రతివాడూ పక్కవాడెవరో నిషేధించాడనుకున్నాడు. గొడవెందుకులే అనుకున్నాడు. ముప్పై ఏళ్లు ఒక పాట నోరు మూయడానికి ఆ 'గొడవెందుకులే' సరిపోయింది.

మిత్రులారా, నిషేధం ఉంటే మనకి పోట్లాడటం వచ్చు. ఉత్తర్వు చింపేస్తాం, కోర్టుకి వెళ్తాం, ధర్నా చేస్తాం. 'గొడవెందుకులే' మీద ఎక్కడ ధర్నా చేస్తాం? నేను మైకులో "జానపద గీతం" అన్నప్పుడు నాకూ ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

తకెదా వాళ్లు మాత్రం ఎందుకు భయపడరు? ఆ రోజుల్లో వాడ పేరు బయటపడటం అంటే ఏమిటో చూడండి. 1872 నాటి కుటుంబ రిజిస్టర్లను ఎవరైనా చూడొచ్చన్న పరిస్థితి 1968 దాకా ఉంది. పెళ్లి సంబంధం వస్తే డిటెక్టివ్‌ని పెట్టి ఆరా తీసేవారు. రిజిస్టర్లు మూసేశాక ఇంకో దారి కనిపెట్టారు. 1975లో బయటపడింది: దేశంలోని బురాకుల పేర్లు, చోట్లతో రహస్యంగా పుస్తకాలు అచ్చువేసి కంపెనీలకి అమ్ముతున్నారు. పేరున్న పెద్ద కంపెనీలే కొనుక్కున్నాయి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన పిల్లవాడి చిరునామా ఆ పుస్తకంలో ఉందో లేదో చూసుకోడానికి. అలాంటి దేశంలో, ఊరి పేరే పాట పేరైతే ఆ ఊరి అమ్మమ్మలు పాట విని మురిసిపోవాలా, వణికిపోవాలా?

*

ఇది ఒక్క పాట కథే అయితే ఇంత రాయను. జపాన్ జనప్రియ కళల చరిత్రని కింది నుంచి పైకి చదివితే అడుగడుగునా ఇదే కనపడుతుంది.

మధ్యయుగాల్లో 'కవారామోనో' అనే మాట ఉండేది. నది ఒడ్డు మనుషులు అని అర్థం. పన్ను పడని ఇసుక నేలల్లో బతుకుతూ తోళ్లు తీసేవాళ్లు, బావులు తవ్వేవాళ్లు, తోటలు వేసేవాళ్లు. జపాన్ తోటలంటే ప్రపంచమంతా ధ్యానం, శూన్యం అని మాట్లాడుతుంది కదా. పదిహేనో శతాబ్దంలో షోగున్ అషికాగా యోషిమసాకి తోటలు వేసిన మహా నిపుణుడు జెన్‌అమి కవారామోనో. క్యోటోలోని ర్యోఆన్‌జీ రాళ్లతోట ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ ఒక రాయి వెనకవైపు రెండు పేర్లు చెక్కి ఉన్నాయి. అవి పనిచేసిన కవారామోనోలవే అయ్యుంటాయని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ముందువైపు నుంచి చూసే యాత్రికుడికి ఆ పేర్లు కనపడవు.

'నో' నాటకం ఇప్పుడు జపాన్ ఉన్నత సంస్కృతికి మారుపేరు. దాన్ని తీర్చిదిద్దిన జెయామి చిన్నప్పుడు, 1378లో గియోన్ ఉత్సవానికి షోగున్ యోషిమిత్సు అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అది చూసి సంజో కింతదా అనే కులీనుడు, ఇలాంటి ఆటలు బిచ్చగాళ్ల పని అని తన డైరీలో ఏవగించుకున్నాడు.

కబుకి సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. 1603లో ఒకుని అనే ఆడమనిషి క్యోటోలో ఆడిన ఆటతో అది మొదలైంది. కామో నది ఇసుకలో వేదికలు వెలిశాయి. 1629లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కకూడదన్నారు. జనం నటుల కోసం ఎగబడేవారు, అదే నోటితో 'నది ఒడ్డు బిచ్చగాళ్లు' అనేవారు. ఎదో నగరంలో దన్‌జాఎమోన్ అనే వంశనామంతో ఎతాలకి ఒక పెద్ద ఉండేవాడు. ఆటగాళ్ల మీద కూడా తనకి హక్కుందని, తన అనుమతి లేకుండా ఆడకూడదని అతని వాదన. 1708లో ఒక బొమ్మలాట బృందం ఈ పెత్తనం మీద కోర్టుకెక్కి గెలిచింది. ఆటగాళ్లు అతని చేతికింది నుంచి బయటపడ్డారు.

గెలిచినవాళ్లు ఏం చేశారు? కబుకి మహానటుడు రెండో ఇచికావా దన్‌జూరో ఆ తీర్పు వివరాలున్న ప్రతిని ఇంటి నిధిలా దాచుకున్నాడు. 1713లో 'సుకెరోకు' నాటకం వేశాడు. ఇప్పటికీ కబుకిలో అతి ఇష్టమైన నాటకాల్లో అదొకటి. అందులో గడ్డం ఉన్న ధనిక ముసలి విలన్, ఇక్యూ, ఉంటాడు. హీరో అతన్ని నిండు సభలో ఎగతాళి చేస్తాడు. ఇక్యూ అంటే దన్‌జాఎమోనే అని చాలామంది చరిత్రకారులు రాశారు. ఒక మెట్టు పైకెక్కిన కాలు కింది మెట్టు మీదివాణ్ణి తన్నింది. ఆ ఆట చూసి జనం మూడు వందల ఏళ్లుగా చప్పట్లు కొడుతున్నారు.

అంబేడ్కర్ అసమానత అనకుండా 'నిచ్చెనమెట్ల అసమానత' అన్నది అందుకే. ఇక్కడ ప్రతివాడికీ తన కింద ఒకడు కావాలి. దన్‌జాఎమోన్ మాత్రం దేవుడేం కాదు. అతనూ తనకింద హినిన్‌లని పెట్టుకుని ఏలినవాడే. మనలో మనకి మాల, మాదిగ, రెల్లి, డక్కలి అనే మెట్లు లేవా? జపాన్ కథలో వేరేవాళ్ల తప్పు చూసి నవ్వుకునే హక్కు మనకేం లేదు.

అయినా ఆ మెట్టు ఎక్కినవాళ్లనీ పైవాళ్లు పూర్తిగా రానివ్వలేదు. 1840లలో ప్రభుత్వం కబుకి శాలల్ని ఊరి చివరికి తరిమింది. నటులు బయటికొస్తే ముఖం కప్పే గడ్డి టోపీ పెట్టుకోవాలంది. ఆ తర్వాత 1887లో చక్రవర్తి స్వయంగా కబుకి చూశాడు. ఇప్పుడది యునెస్కో వారసత్వం. ఆట గౌరవం పొందింది. ఆట పుట్టిన ఇసుక, ఆ ఇసుక మీద మనిషి గౌరవం పొందలేదు.

*

ఇప్పుడు డప్పు సంగతి. తైకో అంటే పెద్ద జపనీస్ డోలు. దిమ్మ చెక్కది, మూత ఆవు తోలుది. గుడిలో దేవుడి ముందు మోగేది అదే. చచ్చిన ఆవు మైల, తోలు తీసినవాడు మైల, ఆ తోలు బిగించిన డోలు పవిత్రం! మన గుళ్లలో చర్మవాద్యాలు మోగడం చూస్తూ పెరిగినవాళ్లకి ఈ మాయ కొత్త కాదు.

ఇప్పుడు మనం యూట్యూబ్‌లో చూసే, పదిమంది కలిసి వాయించే తైకో చాలా కొత్తది. 1951లో నగానో ప్రాంతంలో ఒగుచి దయిహచి అనే జాజ్ డ్రమ్మర్ రకరకాల డోళ్లని ఒక డ్రమ్ సెట్‌లా కలిపి బృంద వాద్యంగా మార్చాడు. సదో దీవిలో ఒందెకోజా, అందులోంచి పుట్టి 1981లో బెర్లిన్‌లో మొదటి ప్రదర్శన ఇచ్చిన 'కొదో' బృందం దాన్ని ప్రపంచానికి చేర్చాయి. వాయించేవాడు కళాకారుడయ్యాడు. తోలు బిగించేవాడు ఉన్నచోటే ఉన్నాడు.

ఒసాకా నగరంలో నానివా అనే ప్రాంతముంది. పాత పేరు వతనబే గ్రామం. పశ్చిమ జపాన్ తోళ్ల వ్యాపారానికి కేంద్రం, డోళ్లు చేసే ఊరు. పాత డోళ్లు మరమ్మతుకి వచ్చి తోలు విప్పినప్పుడు, లోపల చెక్క మీద సిరాతో రాసిన అక్షరాలు కనపడతాయి. చేసినవాడి పేరు, ఊరు. కొన్నిట్లో వతనబే గ్రామం అని ఉంది. పేరు బయట రాసే వీల్లేదు, లోపల రాసి తోలు మూసేశాడు. మళ్లీ తోలు చిరిగి ఇంకో పనివాడు విప్పేదాకా ఆ పేరు చీకట్లోనే ఉంటుంది. ఆ పేరు చదివేది కూడా తన వాడే.

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్తాను. పీహెచ్‌డీ చేసే రోజుల్లో ఒక సెమినార్‌లో డప్పు మీద పేపర్ చదివాను. తోలు నానబెట్టడం దగ్గర్నుంచి, మంట మీద కాచి శ్రుతి తేవడం, సిర్ర, చిటికెన పుల్ల పట్టే పద్ధతి దాకా వివరంగా రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఇంత సమాచారం ఎక్కడ దొరికిందని ఒక పెద్దాయన అడిగితే "ఫీల్డ్ వర్క్ సార్" అన్నాను. ఫుట్‌నోట్‌లో 'ఒక వృత్తి కళాకారుడితో సంభాషణ' అని రాశాను. ఆ వృత్తి కళాకారుడు మా తాత. ఆ ఫీల్డ్ మా ఇంటి వాకిలి. జోలపాటని ఆపిన స్టేషన్ మేనేజర్లని నేనేం తిట్టగలను?

*

పేరు చెప్పడం గురించి జపాన్ సాహిత్యంలో రెండు దృశ్యాలు పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1906. షిమజాకి తోసోన్ 'హకాయ్' నవల రాశాడు. మాట తప్పడం అని అర్థం. హీరో ఉషిమత్సు బడి పంతులు, నాలాగే. కులం ఎవరికీ చెప్పొద్దని తండ్రి ఒట్టు వేయించుకుంటాడు. లోలోపల కుమిలిపోయి చివరికి తరగతి గదిలో పిల్లల ముందు నిజం చెప్తాడు. ఎలా చెప్తాడు? మోకాళ్ల మీద పడి, ఇన్నాళ్లూ దాచినందుకు క్షమించమని. తర్వాత అమెరికాలోని టెక్సాస్‌కి బయల్దేరతాడు. రచయిత బురాకు కాదు. మంచి ఉద్దేశంతోనే రాశాడు. 1948లో, 1962లో, 2022లో సినిమాలుగా తీశారు. అయినా ఆ మోకాళ్లు మర్చిపోలేం. తప్పు ఎవరిది, క్షమాపణ ఎవరు చెప్పారు?

రెండోది 1922 మార్చి 3, క్యోటో. దేశం నలుమూలల నుంచి వచ్చిన బురాకు జనం 'సుయిహెయిషా' స్థాపించారు. సమతల సంఘం అని అర్థం. నీటిమట్టంలా అందరూ ఒకే ఎత్తు. సాయ్‌కో మాన్‌కిచి రాసిన ప్రకటనలో, మనల్ని తిట్టడానికి వాడిన 'ఎతా' అన్న మాటనే తీసుకుని, ఎతా అయినందుకు గర్వపడే కాలం వచ్చిందన్నారు. జెండా నల్లటిది, మధ్యలో నెత్తుటి రంగు ముళ్ల కిరీటం. పదహారేళ్లలో మోకాళ్ల మీది మనిషి లేచి నిలబడ్డాడు. అదే 1922లో మన దగ్గర ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' వచ్చింది. వాడ పేరు పుస్తకం అట్ట మీదికెక్కింది, రాసినవాడు వాడ మనిషి కాడు. తోసోన్‌కి, ఉన్నవకి దండం పెడదాం. కానీ వాళ్లు మన గురించి మాట్లాడటం వేరు, మనం మాట్లాడటం వేరు.

కామిక్స్ దగ్గరా ఇదే. 1964లో మొదలైన 'గారో' పత్రికలో షిరాతో సంపేయ్ 'కముయి దెన్' గీశాడు. అంటరాని పల్లెలో పుట్టి నింజాగా మారిన కుర్రాడి కథ. 1971 దాకా సాగింది. ఉద్యమంలో ఉన్న యూనివర్సిటీ విద్యార్థులు దాన్ని రాజకీయ గ్రంథంలా చదివారు. నింజా అంటే నల్లగుడ్డ, కత్తి అనుకునే తమ్ముళ్లు అది వెతికి చదవండి. సంపేయ్ కూడా బురాకు కాదు, తండ్రి వామపక్ష చిత్రకారుడు. వాడలోంచి వచ్చినవాడు నకగామి కెంజి. 1976లో అకుతాగవా బహుమతి గెలిచాడు. తన వాడని కథల్లో 'రోజి' అన్నాడు, సందు అని. జపాన్ సాహిత్యంలో పెద్ద పెద్ద మాటల పక్కన ఆ సందు ఇప్పుడు శాశ్వతంగా ఉంది.

ఇక 1987. ఆ ఏడాది టీవీలో ఒక ప్రకటన దేశాన్ని ఊపేసింది. కళ్లు మూసుకుని వాక్‌మన్‌లో పాట వింటున్న కోతి. దాని పేరు చోరోమత్సు. కోతులాడించే కళ బురాకు వాళ్లది. చచ్చిపోయిన ఆ కళని యమగుచి ప్రాంతంలో 1970ల చివర్లో మళ్లీ బతికించిన బృందం కోతి అది. కోతి ముఖం అందరికీ గుర్తుంది. తాడు ఇవతలి కొస ఎవరి చేతిలో ఉందో ఎంతమందికి తెలుసు?

అదే 1987లో ఒసాకా నానివాలో, ఆ డోళ్లు చేసే ఊళ్లో, బురాకు యువత ఒక తైకో బృందం పెట్టింది. మా పెద్దలు చేసిన డోలు మేమే వాయిస్తాం అన్నారు. బృందానికి పెట్టుకున్న పేరు 'ఇకారి', అంటే కోపం. శూన్యం కాదు, ధ్యానం కాదు, కోపం. వాయించేముందు ఈ డోలు ఎవరు చేశారో, వాళ్లని ఈ సమాజం ఏమందో చెప్తారు. లోపల రాసిన పేరు తోలు మీదికి వచ్చింది.

1988లో బురాకు ఉద్యమం చొరవతో టోక్యోలో ఒక అంతర్జాతీయ వివక్ష వ్యతిరేక సంస్థ ఏర్పడింది. ఐక్యరాజ్యసమితిలో 'పని, పుట్టుక ఆధారంగా వివక్ష' అనే మాట కింద దళితులు, బురాకులు ఒకే బెంచీ మీద కూర్చోవడం వెనక వాళ్ల కృషి ఉంది. కాబట్టి ఇది పరాయి దేశపు కబురు అనుకోవద్దు.

*

జోలపాట చివరికి ఏమైంది? అకాయ్ తోరి నాయకుడు గోతో ఎత్సుజిరో పాట మూలం వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ బృందం విడిపోయాక కూడా కొత్త బృందంతో దాన్ని పాడటం మానలేదు. ఇప్పుడది మళ్లీ వినపడుతోంది. అయినా బి సైడ్ పాట తెలిసినంత మందికి ఎ సైడ్ పాట తెలియదు.

మా విద్యార్థినికి ఈ పోస్టు చదవమని లింకు పంపుతాను. చదివాక నాయనమ్మ పేరు చెప్పమని మాత్రం అడగను. అది ఆమె నిర్ణయం. హాస్టల్లో, ఇంటర్వ్యూలో, అద్దె ఇంటి గుమ్మంలో ఆ పేరు ఖరీదు కట్టాల్సింది ఆమె. ఉద్యోగం, జీతం ఉన్న నేను ఆమె ధైర్యం మీద ఉపన్యాసం ఇవ్వకూడదు. చెప్పొద్దని అడగాల్సిన అవసరం లేని హాలు ఇవ్వడం మాత్రం నా పని. వచ్చే ఏడు పోటీ ప్రకటనలో 'జానపద గీతం' అన్న విభాగం తీసేసి, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పి పాడే విభాగం పెట్టమని ప్రిన్సిపాల్‌కి అర్జీ రాశాను. చెప్పాలనుకున్నవాళ్లే చెప్తారు. ముందు నేను చెప్తాను.

డప్పు మీద నా పాత పేపర్ ఒక సంకలనంలో వస్తోంది. ప్రూఫులు పోయిన సోమవారం వచ్చాయి. 'ఒక వృత్తి కళాకారుడితో సంభాషణ' అన్న ఫుట్‌నోట్ కొట్టేసి, మా తాత పేరు రాశాను. ఊరు రాశాను. ఊళ్లో ఎక్కడో కూడా రాశాను.

తాత లేడు. చెప్పడానికి ఆలస్యమైంది.

జై భీమ్.